బేస్ గిటార్ ‘క్లాసికల్ వార్మప్’ ప్యాకేజీ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ఒంగోలు ప్రాంతాలలో బేస్ గిటార్ (కింది స్వరాలు పలికే, సాధారణంగా నాలుగు తీగలుండే గిటార్) నేర్చుకుంటున్నవారి ఫోన్లలో కొంతకాలంగా ఒక ప్రకటన పదే పదే కనిపిస్తోంది. పియానో, చెల్లో (పెద్ద వయొలిన్ వంటి తీగ వాద్యం) విద్వాంసులు చేతులను సిద్ధం చేసుకోవడానికి చేసే అభ్యాసాలను, వాటితో పాటు మన కర్ణాటక సంగీతంలోని తొలి పాఠాలైన సరళీ వరుసలను, జంట వరుసలను బేస్ గిటార్‌కు అనువుగా మలిచి ఇస్తామని, రోజుకు అరగంట సాధన చేస్తే మూడు వారాలలో వేళ్లు పరుగెత్తుతాయని అందులో చెబుతున్నారు. ఒక్క రూపాయికే ట్రయల్ అని, నచ్చితేనే మిగతా డబ్బు కట్టవచ్చని కూడా రాస్తున్నారు.

నేను నెల్లూరులో చర్చి క్వయర్లకు, పెళ్లి ఆర్కెస్ట్రాలకు బేస్ వాయిస్తూ, సాయంత్రం పూట కొందరు పిల్లలకు నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చే ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు వాళ్ల నాన్నగారి ఫోన్ నుంచి ఈ ప్యాకేజీ తీసుకున్నాడు. కొన్నాళ్లకే ఎడమ చేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలై, గిటార్ మెడను పట్టుకోవడమే కష్టమైంది. ఏం సాధన చేస్తున్నావని అడిగితే ఆ కాగితాలు, వీడియోలు తెచ్చి చూపించాడు. వాటిని మొదటి పేజీ నుంచి చివరి వీడియో వరకు చూసిన తరువాతే ఈ హెచ్చరిక రాస్తున్నాను. పోయిన డబ్బు గురించి కూడా చెబుతాను గానీ, చేతికి జరిగే హాని అంతకంటే పెద్దది కాబట్టి ముందుగా దాని గురించే చెప్పాలి.

శాస్త్రీయ సంగీతంలోని అభ్యాసాలు బేస్ గిటార్‌కు పనికిరావని నేను అనడం లేదు. నిజానికి వాటి వల్ల కలిగే మేలు చాలా ఉంది, నేనూ నా విద్యార్థుల చేత చేయిస్తాను. అయితే ప్రతి అభ్యాసమూ ఒక వాద్యం కొలతలను, ఆ వాద్యం మీద చేయి నిలిచే తీరును దృష్టిలో పెట్టుకుని పుట్టినది. ఆ కొలత మార్చకుండా స్వరాలను మాత్రమే ఎత్తి రాయడమంటే పెద్దవాడి చొక్కాను కుదించకుండా పిల్లవాడికి తొడగడమే. ఈ ప్యాకేజీలో జరిగింది అదే.

మొదటి పాఠాన్నే తీసుకోండి. అది చార్లెస్ లూయీ హానన్ 1873లో పియానో విద్యార్థుల కోసం ప్రచురించిన 60 అభ్యాసాలలో మొదటిది. సీ, ఈ, ఎఫ్, జీ, ఏ, జీ, ఎఫ్, ఈ (C, E, F, G, A, G, F, E) అని ఎక్కి దిగే ఆ వరుస పియానో నేర్చుకున్న ప్రతివారికీ తెలుసు. ప్యాకేజీలోని కాగితంలో ఆ స్వరాలను బేస్ ట్యాబ్‌గా (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపే రాతగా) మార్చి, కింద వేళ్ల అంకెలను 1, 2, 3, 4, 5, 4, 3, 2 అని ముద్రించారు. పియానోలో ఒకటి అంటే బొటనవేలు, అయిదు అంటే చిటికెన వేలు. బేస్ గిటార్‌లో బొటనవేలు మెడ వెనుక ఆనుకుని ఉంటుంది. చూపుడు వేలిని ఒకటిగా, చిటికెన వేలిని నాలుగుగా లెక్కిస్తాము. ఎడమ చేతికి అయిదో అంకె అన్నదే లేదు. ఆ అయిదును అలాగే వదిలేశారంటే ఆ కాగితాన్ని తయారుచేసినవారు బేస్ గిటార్‌ను ఒక్కసారి కూడా ఒళ్లో పెట్టుకుని సరిచూసుకోలేదని స్పష్టంగా తెలుస్తోంది. పైగా వేళ్లను బాగా ఎత్తి కొట్టాలన్న సూచనను కూడా యథాతథంగా దించారు. పియానో మీటల కోసం హానన్ ఇచ్చిన సూచన అది. బేస్ మీద ఎడమ చేతి వేళ్లు తీగకు వీలైనంత దగ్గరలో ఉండాలి. ఎత్తి కొట్టిన కొద్దీ చేయి బిగుసుకుంటుంది, పక్క తీగలు మోగుతాయి, వేగం పెరగడానికి బదులు తగ్గుతుంది.

ఇక కొలత సంగతి. సాధారణ బేస్ గిటార్ తీగ పొడవు, అంటే మెడ పైకొనన ఉండే నట్ నుంచి కింద తీగలను ఆపే బ్రిడ్జి వరకు, 34 అంగుళాలు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ వాటికి అది 25.5 అంగుళాలు. ఈ తేడా వల్ల మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్ వరకు గిటార్ మీద దాదాపు 3.8 అంగుళాలు ఉంటే, బేస్ మీద 5.1 అంగుళాలు ఉంటుంది. నాలుగు వేళ్లను నాలుగు ఫ్రెట్లపై ఒకేసారి పరిచి ఉంచి, ఒక్కొక్క వేలినే కదిలించాలని ఈ ప్యాకేజీ మొదటి వారంలోనే, అదీ మొదటి ఫ్రెట్ దగ్గరే, చేయిస్తుంది. పదహారేళ్ల పిల్లవాడి చేయి 5 అంగుళాలకు పైగా సాగి, మణికట్టు వంగి, అదే స్థితిలో అరగంట ఉంటే ఏమవుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. వీడియోలో బోధించే వ్యక్తి మాత్రం నొప్పి వస్తే కండరం బలపడుతోందని అర్థమని, ఆపవద్దని చెబుతున్నాడు. ఈ ఒక్క మాటకే ఆ ప్యాకేజీని పక్కన పెట్టాలి. వాద్య సాధనలో అలసట వేరు, నొప్పి వేరు. నొప్పి రాగానే ఆపాలి, తిమ్మిరి గానీ మొద్దుబారడం గానీ ఉంటే వైద్యునికి చూపించాలి. మా విద్యార్థికి డాక్టరుగారు పూర్తి విశ్రాంతి చెప్పారు. ఇప్పుడు తగ్గింది గానీ, క్వయర్‌లో క్రిస్మస్ పాటలకు వాయించాలని ఎంతో ఆశపడిన పిల్లవాడు ఆ అవకాశం పోగొట్టుకున్నాడు.

ఈ ఇబ్బందికి పరిష్కారం కూడా శాస్త్రీయ సంగీతంలోనే ఉండటం గమనించవలసిన విషయం. బేస్ గిటార్‌కు పూర్వ రూపమైన, నిలబెట్టి వాయించే డబుల్ బేస్‌ను కూడా ఈ, ఏ, డీ, జీ (E, A, D, G) అనే నాలుగు తీగలతోనే శ్రుతి చేస్తారు, దాని తీగ ఇంకా పొడవు. పంతొమ్మిదో శతాబ్దంలో డబుల్ బేస్ విద్వాంసుడు ఫ్రాంజ్ సిమాండ్ల్ బోధించిన పద్ధతిలో కింది స్థానాలలో చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు మాత్రమే స్వరాలను పట్టుకుంటాయి. ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడుగా నొక్కుతుంది. అంటే ఒక స్థానంలో చేయి మూడు ఫ్రెట్లనే కవర్ చేస్తుంది, నాలుగో స్వరానికి చేయి మొత్తం జరుగుతుంది. అయిదో ఫ్రెట్‌కు నట్ వైపున వాయించేటప్పుడు నేను నేర్పేది ఈ పద్ధతే. శాస్త్రీయ సంగీతం నుంచి అరువు తెచ్చుకోవాలనుకున్నవారికి అన్నిటికంటే ముందు కనిపించవలసింది డబుల్ బేస్. అమ్మకందారు పియానోను, చెల్లోను తెచ్చి, డబుల్ బేస్ ఊసే ఎత్తలేదు.

చెల్లో విషయంలోనూ ఇదే తీరు. జర్మన్ స్వరకర్త బాహ్ రాసిన చెల్లో రచన ఒకదానిని రెండో నెల పాఠంగా పెట్టారు, నొటేషన్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చారు. బేస్ గిటార్‌కు రాసే స్వరం రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. చెల్లోకు అలా కాదు, రాసినది రాసినట్టే పలుకుతుంది. చెల్లోలోని అట్టడుగు సీ స్వరాన్ని బేస్ విద్యార్థి తనకు అలవాటైన పద్ధతిలో చదివితే నాలుగు తీగల బేస్ మీద ఆ స్వరమే దొరకదు. ఒక స్థాయి పైకి మార్చుకుని, ‘ఏ’ (A) తీగ మూడో ఫ్రెట్ దగ్గర పట్టుకోవాలి. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పినా పిల్లలకు అంత తికమక ఉండేది కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించినది మాత్రం సరళీ వరుసల భాగం. పాఠం పైన ‘మాయామాళవగౌళ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద ఉన్న స్వరాలు సీ, డీ, ఈ, ఎఫ్, జీ, ఏ, బీ. ఇది 29వ మేళకర్త (మూల రాగం) అయిన ధీరశంకరాభరణం. మాయామాళవగౌళ 15వ మేళకర్త; అందులో శుద్ధ రిషభం (రి), శుద్ధ ధైవతం (ధ) రావాలి, అంటే సీని షడ్జమంగా (స) తీసుకుంటే రెండో స్వరం డీ ఫ్లాట్, ఆరో స్వరం ఏ ఫ్లాట్ కావాలి. గాత్రం నేర్చుకుంటున్న ఏ ఇంటి పిల్లకు వినిపించినా మొదటి ఆవృతంలోనే తప్పు పట్టుకుంటుంది. త్యాగరాజస్వామి పూర్వీకుల ఊరైన కాకర్ల మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే ఉంది. అటువంటి చోట పిల్లలకు సంగీతం పేరుతో తప్పు స్వరం అమ్మడం నేను తేలికగా తీసుకోలేను.

సరళీ వరుసలు బేస్ మీద ఎంత చక్కగా కుదురుతాయో తెలిసినవారికి ఈ నిర్లక్ష్యం మరింత బాధ కలిగిస్తుంది. కొత్తవారు షడ్జమాన్ని ‘ఈ’ (E) తీగ ఎనిమిదో ఫ్రెట్ దగ్గర పెట్టుకోవాలి. అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి. ఏడో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ వరకు 3.6 అంగుళాలే కాబట్టి చేయి సాగవలసిన పని లేదు. స అదే ‘ఈ’ తీగ మీద ఎనిమిదో ఫ్రెట్, రి తొమ్మిది, ‘ఏ’ (A) తీగ మీద గ ఏడు, మ ఎనిమిది, ప పది, ధ పదకొండు, ‘డీ’ (D) తీగ మీద ని తొమ్మిది, పై స పది. పంచమం నుంచి ధైవతానికి వెళ్లేటప్పుడు చిటికెన వేలిని చాచకుండా చేతినే ఒక ఫ్రెట్ జరపాలి. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని, మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు వాయించాలి. మొదటి కాలం నిదానంగా ఉన్నది కదా అని దాటవేయకూడదు. కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటుతున్నాయా, ప్రతి స్వరమూ తరువాతి స్వరం వచ్చేవరకు నిలిచి పలుకుతోందా అనేది వినిపించేది ఆ కాలంలోనే. జంట వరుసలలో ఒకే స్వరం రెండుసార్లు వస్తుంది కాబట్టి కుడి చేతి వేళ్ల బలంలో తేడా ఉంటే వెంటనే బయటపడుతుంది. ఇవన్నీ నొప్పి లేకుండా, పది పదిహేను నిమిషాలలో ముగిసే సాధనలు.

ప్యాకేజీతో పాటు వేళ్లకు బలం వస్తుందంటూ స్ప్రింగుల పరికరం ఒకటి కూడా అంటగడుతున్నారు. బేస్ తీగను నొక్కడానికి అంత బలం అవసరం లేదు. తీగ మరీ ఎత్తుగా ఉంటే గిటార్‌ను సెటప్ చేయించి ఆ ఎత్తు తగ్గించుకోవాలి తప్ప వేళ్లను హింస పెట్టకూడదు. స్వరకర్త రాబర్ట్ షూమాన్ 1830ల తొలి సంవత్సరాలలో కుడి చేతి వేలు దెబ్బతిని పియానో విద్వాంసుడయ్యే ఆశ వదులుకోవలసి వచ్చింది. వేలికి శిక్షణ ఇచ్చే పరికరమొకటి ఆయన వాడారన్నది చరిత్రలో నమోదై ఉంది, హానికి అదే కారణమా అన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ.

డబ్బు విషయానికి వస్తే, ఒక్క రూపాయి చెల్లించేటప్పుడు తెర మీద వచ్చేది మామూలు చెల్లింపు కాదు, యూపీఐ ఆటోపే అనుమతి. పిన్ కొట్టగానే నెలకు 1,499 రూపాయలు ఖాతా నుంచి తీసుకోవడానికి ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ మాట కింద చిన్న అక్షరాలలో ఉంది, ఎదురుగా గడియారం ‘ఆఫర్ ముగుస్తోంది’ అని తరుముతూ ఉంటుంది. ఇటువంటి బూటకపు తొందరను, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో జారీ చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే తెర ఏర్పాట్లు) మార్గదర్శకాలు నిషేధించాయి. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి ఆ అనుమతిని విడిగా రద్దు చేయాలి. కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం పంపాలన్న నిబంధన ఉంది గనుక అటువంటి సందేశాన్ని ప్రకటన అనుకుని తుడిచేయకండి.

డబ్బు వాపసు అడిగితే డిజిటల్ సరుకుకు వాపసు లేదన్న ఒకే జవాబు వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. ఇక్కడ చిరునామా లేదు, అధికారి పేరూ లేదు. కొనేముందు ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. అలాగే ఒక్క పాఠం కాగితం నమూనాగా పంపమని అడగండి; వేళ్ల అంకెలలో అయిదు కనిపిస్తే, మొదటి పాఠమే మొదటి ఫ్రెట్ దగ్గర నాలుగు వేళ్లు చాపమంటే, అక్కడితో ఆగిపోండి.

ఇప్పటికే డబ్బు కట్టినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే కొన్నవారు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు, అమ్మకందారు ఉన్న ఊరికి తిరగనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము కూడా లేదు, గడువు రెండేళ్లు. మా విద్యార్థి తండ్రిగారు 1915లో ఫిర్యాదు నమోదు చేశారు, డబ్బు ఇంకా రాలేదు. స్టేట్‌మెంట్ చూసుకునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: ప్రకటనలో కనిపించిన పేరు ఒకటి, ఆయన ఖాతాలో డబ్బు తీసుకున్న పేరు మరొకటి. కాబట్టి పేరుతో వెతకకుండా 1 రూపాయి, ఆ తరువాత 1,499 రూపాయలు అనే మొత్తాలతో వెతకండి, ఆ రెండు లావాదేవీల నంబర్లనూ ఫిర్యాదులో రాయండి.