హార్డ్‌వాక్స్ ఆయిల్ వేసిన ఓక్ నేల: కొన్నేళ్లు వాడాక

పాత ఓక్ నేలను గీకించి మళ్లీ ఫినిష్ వేయించేటప్పుడు పాలీయురేథేనా (పైన పొర కట్టే వార్నిష్), హార్డ్‌వాక్స్ ఆయిలా (చెక్కలోకి ఇంకే నూనె, మైనం మిశ్రమం) అని ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఆయిల్ నెగ్గింది. దాని అసలు గొప్ప ఏమిటో మాత్రం ఒక పూలకుండీ పుణ్యమా అని తెలిసింది.

హాల్లో కిటికీ పక్కన ఇనప స్టాండు మీద ఉండేదా కుండీ. అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయని ఎవరికీ తెలియలేదు. ఓ రోజు స్టాండు జరిపితే కాళ్ల కింద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు! ఓక్ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తడిలో ఇనుము తగిలితే రెండూ కలిసి నల్లబడతాయి. అది మురికి కాదు, తుడిస్తే పోదు. మొత్తం గది మళ్లీ గీకించాలేమోనని టెన్షన్ పట్టుకుంది.

అంత అవసరం పడలేదు. ఆ పలకల మీద మాత్రమే ఫినిష్ పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, గ్లవ్స్ వేసుకుని ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లు పట్టించాను. చూస్తుండగానే నలుపు విరిగింది. శుభ్రంగా కడిగి, బాగా ఆరనిచ్చి, 120 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది, గుడ్డతో పలుచగా ఆయిల్ పూశాను. మొదట కొత్త చోటు కాస్త తేలికరంగులో కనిపించింది. ఇప్పుడు ఎక్కడ చేశానో వెతుక్కోవాలి. అదే పాలీయురేథేన్ అయితే పైన పొరలా నిలుస్తుంది, మధ్యలో అతుకు వేస్తే అంచు కనిపించిపోతుంది. (ఆయిల్ గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడేయకండి. వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచేయాలి.)

అలాగని పాలీయురేథేన్‌ను తీసిపారేయను. ఆ పొరే ఉంటే నీళ్లు అంత సులువుగా చెక్కలోకి దిగేవి కావేమో. వంటగదిలో నా ఆయిల్ నేల స్టవ్ ముందు ఎప్పుడో వెలిసిపోయింది, మళ్లీ మళ్లీ పూయాల్సి వస్తోంది. ఘాటైన క్లీనర్లు పనికిరావు. పైగా ఇందులో మైనం ఉంది కదా, రేపు మనసు మారి పైన పాలీయురేథేన్ వేద్దామంటే పట్టదు. పచ్చి చెక్క తేలేదాకా గీకాల్సిందే.

మా ఇంట్లో కుక్కలు లేవు, చిన్నపిల్లలు లేరు, నాకు ఇలాంటి పనులంటే సరదా. కాబట్టి హాలుకు మళ్లీ ఇదే. వంటగదికి మాత్రం ఈసారి నీటి ఆధారిత పాలీయురేథేన్ వేయిద్దామనుకుంటున్నాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లయితే ఆయిల్ జోలికి పోకపోవడమే మేలేమో.