పత్రికల ముఖచిత్రాల కోసం అమ్మే తెలుగు బొమ్మల బండిళ్లు: కొనేముందు జాగ్రత్త

డిజైన్ విద్యార్థులను ఉద్దేశించి సామాజిక మాధ్యమాల్లో "తెలుగు పండుగల వెక్టర్ బొమ్మలు, టైటిల్ ఫాంట్లు, జీవితకాల వాణిజ్య లైసెన్సుతో" అనే ప్రకటనలు విరివిగా కనిపిస్తున్నాయి. వెక్టర్ అంటే పిక్సెళ్లతో కాక గీతలతో కూర్చిన, ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ. సంక్రాంతి ప్రత్యేక సంచికకు బొమ్మలతో ముఖచిత్రం రూపొందించే సెమిస్టర్ పని కోసం అటువంటి బండిల్ (బొమ్మలు, ఫాంట్లు కలిపి ఒకే ధరకు అమ్మే కట్ట) ఒకటి 1,499 రూపాయలకు కొన్నాను. హరిదాసు, గంగిరెద్దు, ముగ్గు వేస్తున్న అమ్మాయి, భోగి మంట, వీటికి తోడు తెలుగు ఫాంట్లు అందులో ఉంటాయని అమ్మకందారు ప్రకటించాడు. బొమ్మలు వెక్టర్ అన్నదీ, ఫాంట్లు తెలుగుకు పనికివస్తాయన్నదీ, లైసెన్సు ఉందన్నదీ, ఈ మూడింటిలో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు.

ఫైళ్ల పేర్ల చివర వెక్టర్ ఫైళ్లకు ఉండే .ai, .eps అని ఉన్నప్పటికీ, అడోబీ వారి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో తెరిచి, గీతలు మాత్రమే చూపే కంట్రోల్, వై మీటలు కలిపి నొక్కితే గీతలు కనిపించవలసిన చోట ఖాళీ దీర్ఘచతురస్రం మాత్రమే కనిపించింది. మామూలు జేపెగ్ బొమ్మను వెక్టర్ ఫైలులో అతికించి, దానినే వెక్టర్ అని అమ్ముతున్నారన్న మాట. ఏ4 అట్టకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అంచుల కత్తిరింపు కోసం వదిలే అదనపు భాగం) కలిపి, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కిస్తే వెడల్పు 2551, ఎత్తు 3579 పిక్సెళ్లు కావాలి. నాకు వచ్చిన హరిదాసు బొమ్మ వెడల్పు 900 పిక్సెళ్లు. అట్ట నిండా పరిస్తే అంగుళానికి దాదాపు 106 పిక్సెళ్లే దక్కుతాయి. ఫోను తెర మీద ముచ్చటగా కనిపించిన తంబుర తీగలు, తలపాగా మడతలు అచ్చులో అలుక్కుపోతాయి. నిజంగా వెక్టర్‌గా ఉన్న కొద్దిపాటి బొమ్మలు కూడా ఆటోమేటిక్ ట్రేసింగ్‌తో, అంటే మామూలు బొమ్మను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే పద్ధతితో తీసినవే. ఒక్కొక్క గీత మీద లెక్కకు అందని బిందువులు ఉండడం వల్ల రంగు మార్చాలన్నా, చేయి కదపాలన్నా సాధ్యపడదు. అందుచేత డబ్బు చెల్లించకముందే ఒక నమూనా ఫైలు అడిగి తీసుకుని, మీ కంప్యూటరులో తెరిచి చూడండి. అమ్మకందారు చూపించే చిత్రాన్ని మాత్రం నమ్మవద్దు.

ఫాంట్లలో అత్యధికం యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రమాణానికి) ముందు కాలపు డీటీపీ (కంప్యూటరులో పుటలు కూర్చే పని) ఫాంట్లు. మనం మామూలు తెలుగు కీబోర్డుతో టైపు చేస్తే అవి పనిచేయవు. "రాష్ట్రం", "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అనే మాటలను ఆ ఫాంట్‌లో టైపు చేస్తున్నప్పుడే వీడియో తీసి పంపమని అడిగితే ఒత్తుల సంగతి వెంటనే తేలిపోతుంది. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరిక ఎంచుకోకపోతే మంచి ఫాంట్‌లో కూడా ఒత్తులు చెదురుతాయి కనుక, ఫాంట్‌ను తప్పుపట్టే ముందు ఆ అమరికను సరిచూడడం న్యాయం. అసలు రామభద్ర, సూరన్న, ధూర్జటి, తిమ్మన, మండలి వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నప్పుడు వీటికి డబ్బు పోయడం అనవసరం.

నన్ను అన్నింటికన్నా బాధించినది లైసెన్సు విషయం. ముగ్గు వేస్తున్న అమ్మాయి బొమ్మను పెద్దది చేసి చూస్తే అచ్చులో రంగులు పడే చిన్న చిన్న చుక్కలు స్పష్టంగా కనిపించాయి. అంటే అది ఏదో అచ్చయిన పుట నుంచి స్కాన్ చేసినది. కింది మూలన చిత్రకారుని సంతకం ఉండవలసిన చోట చెరిపేసిన మరక ఉంది. ఒక మనిషి కష్టపడి గీసిన బొమ్మ మీద అతని పేరు తుడిచి అమ్ముకోవడం కన్నా అన్యాయం మన వృత్తిలో మరొకటి లేదు. లైసెన్సు పేరిట వచ్చిన టెక్స్ట్ ఫైలులో "ఎక్కడైనా వాడుకోవచ్చు" అన్న ఒక్క వాక్యమే ఉంది. చిత్రకారుని పేరు గానీ, అమ్మకందారు పేరు, చిరునామా గానీ లేవు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి 60 ఏళ్ల వరకు హక్కు నిలిచి ఉంటుంది. బాపు గారు 2014లో కన్నుమూశారు. ఆయన బొమ్మలపై హక్కు 2074 చివరి వరకు ఉంటుంది. పాతకాలపు బొమ్మ కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. హక్కుదారు ఇచ్చే అనుమతి లిఖితపూర్వకంగా ఉండాలని కూడా ఆ చట్టం చెబుతోంది. ఇటువంటి బొమ్మతో ముఖచిత్రం అచ్చయితే, రేపు హక్కుదారు నిలదీసేది పత్రికనూ, దాని మీద పేరున్న మనలనూ. అమ్మినవాడు అప్పటికి పేజీ పేరు మార్చుకుని ఉంటాడు.

డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే "డిజిటల్ వస్తువులకు రీఫండ్ లేదు" అని జవాబిచ్చి, నా నంబరును బ్లాక్ చేశారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకపు సంస్థ ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలి, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ వివరాలేవీ లేని పేజీ దగ్గర కొనకండి. ఇప్పటికే కొన్నవారు ప్రకటన, చెల్లింపు రసీదు, సంభాషణల స్క్రీన్‌షాట్లు, వచ్చిన ఫైళ్లు యథాతథంగా భద్రపరచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. నేను ఫిర్యాదు నమోదు చేశాను. ఆ బండిల్‌లోని ఒక్క బొమ్మనూ వాడకుండా ముఖచిత్రాన్ని నేనే గీసి సమర్పిస్తున్నాను.