వీల్‌చెయిర్ సేవ బాగుంది, చివరి అక్షరం సరిచూసుకుంటే

టికెట్ ధరలు, సీట్ల ఇరుకు, కాగితం కప్పులో టీకి వాళ్ళు గుంజే డబ్బులు... వీటి గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను రాసేది వీల్‌చెయిర్ గురించి మాత్రమే. మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ నొప్పి అనుభవించాక ఎడమ మోకాలికి ససేమిరా అన్నారు. చదునుగా ఉంటే కర్ర పట్టుకుని ఇల్లంతా తిరుగుతారు, మెట్టు కనిపిస్తే మాత్రం ఆగిపోతారు. కొన్ని నెలలు అంబాజీపేటలో మా దగ్గర, కొన్ని నెలలు హైదరాబాద్‌లో మా మరిది దగ్గర ఉంటారు. తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ నేనే. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్‌కి కొన్నేళ్ళుగా ఒకే సంస్థ విమానాల్లో తిరుగుతున్నాం. ఆ పేరు ఇక్కడ అనవసరం.

రైలు ఎందుకు కాదని అడుగుతారు. మాది కోనసీమండీ, మాకు రైలెక్కడిది? కాకినాడ నుంచి వచ్చిన లైను కోటిపల్లి దగ్గర గోదావరి చూసి ఆగిపోయింది. నది దాటి నర్సాపురం చేరాల్సిన ముక్క నా పెళ్ళికి ముందు నుంచీ మాటల్లో ఉంది, ఇప్పటికీ పనులు జరుగుతున్నాయంటారు. ఎలాగూ కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి దాకా కారులో పోవాల్సిందే. అక్కడ రాత్రిపూట కాసేపే ఆగే బండి, నిటారుగా ఉండే మెట్లు. ఒకసారి మా ఆయన కింద నుంచి, నేను పై నుంచి పట్టుకుని ఎక్కించాం. ఆ తర్వాత రైలు మాట ఎవరూ ఎత్తలేదు.

మొదట్లో ఈ వీల్‌చెయిర్ సేవ చూసి నాకు ఆశ్చర్యమేసింది. కారు దిగగానే కౌంటర్‌లో చెబితే ఒక కుర్రాడు కుర్చీ తోసుకుంటూ వచ్చేస్తాడు. పైసా తీసుకోరు, తీసుకోకూడదని నిబంధనే ఉంది. "కాళ్ళు దాని మీద పెట్టుకోండి మామ్మగారూ, ఆయ్, అంతే" అంటూ మొదలుపెట్టి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతూ చెకింగ్ దాకా తీసుకెళ్ళేవాడు. మోకాల్లో లోహం ఉంది కాబట్టి మెటల్ డిటెక్టర్ ప్రతిసారీ మోగుతుంది. లేడీ ఆఫీసరు విసుక్కోకుండా తెర వెనక్కి తీసుకెళ్ళి చూసి పంపేస్తారు. మేం ఎక్కే ఏటీఆర్ చిన్న విమానం. దాని వెనక తలుపే కిందికి వాలి మెట్లవుతుంది, నాలుగైదు మెట్లకి మించి ఉండవు. చెరో వైపు పట్టుకుంటే అత్తయ్యగారు ఎక్కేసేవారు. అందరికన్నా ముందు ఎక్కిస్తారు, అందరి తర్వాత దింపుతారు. శంషాబాద్‌లో బ్యాగులు తీసుకుని కారు తలుపు దాకా తోసుకొచ్చి అప్పగిస్తారు. "మీ పెళ్ళిలో కూడా నన్నింత మర్యాదగా చూడలేదే" అని ఆవిడ నాతో అన్నారు. అప్పట్లో చుట్టాలందరికీ ఈ సంస్థనే సిఫార్సు చేశాను. అది వెనక్కి తీసుకోను, కొంచెం తగ్గించుకుంటాను.

చిన్న చిన్న లోపాలు అప్పుడూ ఉండేవి. గేటు దగ్గర కుర్చీ ఆపి, "ఇప్పుడే వస్తానమ్మా" అని వెళ్ళిన మనిషి బోర్డింగ్ వేళకి గానీ కనిపించడు. ఈలోగా పెద్దావిడకి బాత్రూమ్ అవసరమైతే తోడొచ్చినవాళ్ళే తోసుకెళ్ళాలి. తోడు లేనివాళ్ళ సంగతి నేనైతే ఊహించలేను. చివర్లో టిప్పు కోసం నిలబడే చూపు ఇంకొకటి. అడగకూడదని వాళ్ళకి తెలుసు, అడగరు కూడా, కదలరు అంతే. నేను ఇస్తాను. ఆ పనికి వాళ్ళకి జీతం ఎంత వస్తుందో చూస్తే మీరూ ఇస్తారు.

(ఇంకో బాధ అత్తయ్యగారిది. ఎండుకొబ్బరి విమానంలో తీసుకెళ్ళనివ్వరు, నూనె ఎక్కువ కాబట్టి తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందట. అంబాజీపేట నుంచి కొబ్బరి లేకుండా చిన్నకొడుకు ఇంటికి వెళ్ళడమేమిటని ఆవిడ ఇప్పటికీ గొణుగుతారు. పూతరేకులతో సరిపెట్టుకుంటున్నాం.)

అసలు గొడవ ఒక సంక్రాంతి తర్వాత జరిగింది. మామూలుగా ఎక్కే ఏటీఆర్ బదులు ఆ రోజు పెద్ద ఎయిర్‌బస్ వేశారు. మధురపూడిలో మలుపులు తిరిగే ర్యాంపు పెట్టి కుర్చీతో సహా పైకి తోసేశారు, హాయిగా ఎక్కాం. శంషాబాద్‌లో దిగాక విమానాన్ని టెర్మినల్‌కి ఆనించకుండా దూరంగా ఆపారు. అంటే నేరుగా టెర్మినల్‌లోకి నడిచే ఏరోబ్రిడ్జ్ లేదు, బస్సు ఎక్కాలి. తలుపుకి నిచ్చెన మెట్లు ఆనించారు, ఇరవైకి పైనే ఉంటాయి. ప్రయాణికులంతా దిగిపోయారు. మేమిద్దరం మిగిలాం. కుర్చీ వచ్చింది, మెట్ల కింద నిలబడింది.

మా అత్తయ్యగారు మెట్లు దిగలేరని చెప్పాను. సూపర్‌వైజర్ చేతిలో ఉన్న ట్యాబ్ చూసి, "మీ బుకింగ్‌లో ఆర్ అని ఉంది మేడమ్, మెట్లు దిగగలరని దాని అర్థం" అన్నాడు. అప్పుడు తెలిసింది, వీల్‌చెయిర్ ప్రయాణికులకి మూడు రకాల కోడ్‌లు ఉంటాయని. డబ్ల్యూ సీ హెచ్ వరకు అన్నీ ఒకటే, చివరి అక్షరంలోనే ఉంది అంతా. ఆర్ అంటే దూరం నడవలేరు గానీ మెట్లు ఎక్కి దిగగలరు. ఎస్ అంటే మెట్లు కుదరవు, సీటు దాకా మాత్రం నడవగలరు. సీ అంటే సీటు దాకా కూడా మోసుకెళ్ళాల్సిందే. టికెట్ తీసేటప్పుడు వాళ్ళ యాప్ నన్ను అడిగింది ఒకటే: వీల్‌చెయిర్ కావాలా, వద్దా? కావాలన్నాను. ఆర్ వాళ్ళు వేసుకున్నారు.

ఎస్ అని ఉంటే అంబులిఫ్ట్ వచ్చేది. అది లారీ మీద గదిలా ఉంటుంది, విమానం తలుపు ఎత్తుకి లేచి మనిషిని కుర్చీతో సహా కిందికి దింపుతుంది. ఇప్పుడు పిలిపించమన్నాను. ఇంకో విమానం దగ్గర ఉంది, ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు. ఈలోగా ఊడ్చేవాళ్ళు లోపలికి వచ్చేశారు. సీట్ల మధ్య పేపర్లు ఏరుతూ మా దగ్గరికి వచ్చేసరికి ఆగి చూస్తున్నారు. ఎయిర్‌హోస్టెస్ పిల్ల రెండుసార్లు వాచీ చూసుకుంది. ఏసీ ఆపేశారు. నేను ఎంతసేపైనా కూర్చుందామనే అనుకున్నాను. అత్తయ్యగారికి మాత్రం తన కోసం ఇంతమంది ఆగిపోయారన్న ఇబ్బంది పట్టుకుంది. "మెల్లగా దిగుదాం లేమ్మా, పాపం వాళ్ళకీ పనుంటుంది కదా" అని లేచి నిలబడ్డారు. వద్దని చెయ్యి పట్టుకుంటే వదిలించుకున్నారు.

మొదటి రెండు మెట్లు నిలబడే దిగారు. మూడో మెట్టు మీద ఎడమ కాలు వణికింది. ఇక అక్కడే కూర్చుండిపోయి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి వచ్చారు. కుర్చీ కుర్రాడు పైకి పరుగెత్తుకొచ్చి ముందు నిలబడ్డాడు, నేను వెనక నుంచి భుజాలు పట్టుకున్నాను. సూపర్‌వైజర్ పైనే ఉండిపోయాడు. మరిది ఇంటికి చేరాక మోకాలు వాచింది, ఆ నెలంతా ఐస్ పెడుతూనే ఉన్నాం. ఆవిడ దీని గురించి ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇప్పుడు అనుమతి తీసుకునే రాస్తున్నాను.

సంస్థకి ఫిర్యాదు పెడితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలుపెట్టి, "బుకింగ్ ప్రకారమే సేవ అందించాం" అని ముగించారు. కేంద్రం వాళ్ళ ఎయిర్‌సేవా పోర్టల్‌లో కూడా పెట్టాక తర్వాతి టికెట్‌కి వాడుకోవాల్సిన కూపన్ ఒకటి పంపారు. గడువు దాటిపోయింది, వాడలేదు. 2024 ఫిబ్రవరిలో ముంబయిలో ఒక పెద్దాయన కుర్చీ దొరక్క భార్య పక్కన నడుస్తూ కుప్పకూలి చనిపోయారు. ఆయనకి 80 ఏళ్ళు. ఆ విమాన సంస్థకి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 30 లక్షల జరిమానా వేసింది. అలాంటి వార్త వచ్చాక కూడా యాప్‌లో ఇంకో ప్రశ్న చేర్చడానికి వీళ్ళకేం అడ్డొచ్చిందో నాకు అర్థం కాదు. మెట్లు ఎక్కగలరా? అంతే కదా.

వాళ్ళ వైపు మాట కూడా ఒకటుంది. క్యూ తప్పించుకోవడానికి కుర్చీ బుక్ చేసేవాళ్ళని నేనే చూశాను. శంషాబాద్‌లో ఒకాయన బెల్టు మీద సూట్‌కేస్ కనబడగానే కుర్చీలోంచి దూకి పరుగెత్తాడు. అలాంటివాళ్ళ వల్ల కుర్చీలూ మనుషులూ చాలరు. కానీ ఆ లెక్క మా అత్తయ్యగారి మోకాలి మీద రాస్తే ఎలా?

ఇప్పుడు నేను చేసేది ఇది. టికెట్ తీసినవెంటనే, ప్రయాణానికి 48 గంటల ముందే, కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి చివరి అక్షరం ఎస్ పెట్టించి, మళ్ళీ చదివి చెప్పమంటాను. చెకిన్ కౌంటర్‌లో ఇంకోసారి అడుగుతాను. దిగే ముందు ఎయిర్‌హోస్టెస్‌కి గుర్తుచేస్తాను. ఇలా వెంటపడుతూ ఉంటే సేవ మళ్ళీ పాత రోజుల్లోలాగే బాగుంది, కుర్రాళ్ళలో లోపమేమీ లేదు. వెంటపడే ఓపిక నాకుంది, నేను ఉద్యోగం చెయ్యను.

కాబట్టి నా సలహా అందరికీ పనికిరాదు. పాలకొల్లు, భీమవరం వాళ్ళకి నర్సాపురం బండి ఇంటి దగ్గరే దొరుకుతుంది, కింది బెర్తు వస్తే అదే మేలేమో. కృష్ణా వైపు ఉన్నవాళ్ళకి గన్నవరం విమానాశ్రయం ఉంది, అక్కడి సంగతి నేను చూడలేదు. పెద్దవాళ్ళని ఒంటరిగా ఎక్కించి అవతల ఎవరో దింపుకుంటారనుకునేవాళ్ళకి మాత్రం ఈ సంస్థని ఇప్పుడు చెప్పను. మేం ఉగాదికి మళ్ళీ వెళ్తున్నాం, వీళ్ళ విమానంలోనే. ఏటీఆర్ వేళ చూసే తీసుకున్నాను, విమానం మారిస్తే టికెట్ రద్దు చేసుకుంటానని మా మరిదికి ముందే చెప్పేశాను.