అప్‌రైట్ పియానో లైబ్రరీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లోనే సెటప్ పెట్టుకుని జానపదాలు, షార్ట్ ఫిల్ముల బీజీఎంలు చేసుకుంటున్న తమ్ముళ్ళందరికీ చెబుతున్నాను. ఆఫర్లో తక్కువకొస్తోందని ఒక చిన్న కంపెనీ అప్‌రైట్ పియానో లైబ్రరీ కొన్నాను. అప్‌రైట్ అంటే తీగలు నిలువుగా ఉండే పియానో, లైబ్రరీ అంటే దాని స్వరాలన్నీ రికార్డు చేసి, కంప్యూటర్లో వాయించుకోమని అమ్మే ఫైళ్ళు. డబ్బు పోయినట్టే. మీది పోకూడదు.

పేజీ మీద పెద్ద అక్షరాలతో 'రెండు వేలకు పైగా శాంపిల్స్' (రికార్డు చేసిన విడి స్వరాలు) అని ఉంది. ఫోల్డర్ తెరిచాక అసలు లెక్క తెలిసింది. 88 కీలు, ఒక్కోదానికి 3 వెలాసిటీ లేయర్లు (వేలి బలం మారినప్పుడల్లా విడిగా తీసిన రికార్డింగులు), అంటే 264. అవే 4 మైకుల్లో తీశారు కాబట్టి 1,056. కీ వదిలినప్పటి చప్పుడు కూడా అన్నిటికీ విడిగా ఉంది, మొత్తం 2,112. అంకెలో అబద్ధం లేదు. కానీ వేలి బలాన్ని బట్టి మారాల్సిన నాదం మాత్రం మూడే రకాలు! ఒకే కీని మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ నొక్కితే, ఒకచోట ఉన్నట్టుండి వేరే పియానో పలుకుతుంది. 1919 నుంచి నడుస్తున్న మన విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం చదివే చెల్లెలు ట్రాక్ పాడటానికి వచ్చి, పల్లవి సగంలోనే ఆగిపోయింది. "అన్నయ్యా, ఇక్కడ పియానో మారిపోతోందేంటి?" అని అడిగింది.

తప్పెటగుళ్ళ నడకలో ఎడమచేత్తో ఒకే కార్డ్ గబగబా కొట్టాల్సి వచ్చినప్పుడు ఇంకా ఘోరం. రౌండ్ రాబిన్ (ఒకే స్వరానికి వంతులవారీగా వేర్వేరు రికార్డింగులు పలకడం) లేదు, ప్రతి దెబ్బకూ అదే శాంపిల్. కుట్టుమిషన్ నడిచినట్టుంది. నిజమైన అప్‌రైట్‌లో ఏ రెండు దెబ్బలూ ఒకేలా పడవు. సుత్తి ఎదురుగా వెళ్ళి తీగను కొట్టి, స్ప్రింగు సాయంతో వెనక్కి రావాలి. గ్రాండ్‌లో అయితే కింద నుంచి పైకి కొట్టి తన బరువుకే దిగుతుంది. అప్‌రైట్ కావాలని వెతికేది ఆ చెక్క చప్పుడు, ఆ చిన్న తేడాల కోసమేగా.

డెమోల్లో ఇవేవీ ఎందుకు వినబడలేదంటే, అన్నీ నెమ్మదైన పాటలే. పెడల్ తొక్కిపట్టి, రివర్బ్‌లో (గది ప్రతిధ్వనిలో) ముంచేశారు. ఆ రివర్బ్ శాంపిల్‌లోనే కలిసిపోయి ఉంది, తీసే దారి లేదు.

మోనోలో (కుడి, ఎడమ శబ్దాలను ఒకటిగా కలిపి) పెట్టి వింటే మధ్య స్థాయి స్వరాలు పల్చబడిపోతున్నాయి. దూరదూరంగా పెట్టిన మైకుల ఫేజ్ (శబ్ద తరంగాల ఎత్తుపల్లాలు) కలవకపోతే ఇలాగే అవుతుంది. పైడితల్లమ్మ పండక్కి మన పాటలు మోగేది గుంజకు కట్టిన లౌడ్ స్పీకర్లలో, ఆటోల్లో. అక్కడ స్టీరియో ఎక్కడిది?

ఇవన్నీ ఒక ఎత్తు, కాంటాక్ట్ (ఇలాంటి లైబ్రరీలను వాయించే సాఫ్ట్‌వేర్) గొడవ ఒక ఎత్తు. 'కాంటాక్ట్‌లో పనిచేస్తుంది' అని రాశారు గానీ, ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌లో 15 నిమిషాలకు శబ్దం ఆగిపోతుందని రాయలేదు. డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్ ఉండాలట. అది లైబ్రరీ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. మెయిల్ పెడితే, డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ ఉండదని ఒక్క లైన్ జవాబు.

కొనాలనుకుంటే ముందే మెయిల్ పెట్టి అడగండి: ఒక్కో కీకి ఎన్ని లేయర్లు, రౌండ్ రాబిన్ ఉందా, ఉచిత ప్లేయర్‌లో నడుస్తుందా. రివర్బ్ లేకుండా ఒకే స్వరం మెల్లగా నుంచి గట్టిగా వాయించిన ఆడియో పంపమనండి. పంపకపోతే వదిలేయండి. 1908 నాటి అప్‌రైట్‌తో చేసిన 'ది జెంటిల్‌మన్' అనే లైబ్రరీ ఉచిత ప్లేయర్‌లోనే నడుస్తుంది. శాంపిల్స్ లేకుండా లెక్కలతో నాదం పుట్టించే పియానోటెక్ అనే సాఫ్ట్‌వేర్‌కి ట్రయల్ ఉంది. అందులో కొన్ని కీలు పలకవు, అయినా వేళ్ళకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

నేను కొన్నదాన్ని వినాలంటే కోట వైపు వచ్చినప్పుడు ఫోన్ చేయండి, స్టూడియోలో కూర్చుని మీ చేత్తోనే వాయించి చూడండి.