నాలుగేళ్లు క్లెరిక్‌గా ఆడాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథలోని పాత్రలుగా ఆడే ఆట. అందులో ఏ క్లాస్ (పాత్ర రకం) తీసుకోవాలని కొత్తవాళ్లు అడిగితే, 'మీకు నచ్చినది తీసుకోండి' అని చెబుతారు. ఆట ఎలా ఉంటుందో తెలియని మనిషికి ఏది నచ్చుతుందో ఎలా తెలుస్తుంది? నాకు తెలియలేదు. బెంగళూరు మారతహళ్లిలో మిత్రుడి ఫ్లాట్‌కు మొదటి శనివారం నేను చేరేసరికి ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), విజర్డ్ (మాంత్రికుడు), రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడు) అన్నీ పంచుకున్నారు. ఆట నడిపే రాజమండ్రి అక్క నా వైపు చూసి, "గాయపడినవాళ్లను చూసుకునేవాళ్లు ఎవరూ లేరు. క్లెరిక్ తీసుకుంటావా?" అని అడిగింది. సరేనన్నాను. క్లెరిక్ అంటే దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి.

అప్పుడు 1వ లెవల్‌లో మొదలైన భద్రయ్య అనే నా డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) పాత్ర ఇప్పుడు 11వ లెవల్‌లో ఉన్నాడు. మూడేళ్లు 2014 నియమాల పుస్తకంతో ఆడాం. తర్వాత 2024లో సవరించి వేసిన పుస్తకానికి మారాం. ఇంతకాలం ఆడిన అనుభవంతో చెబుతున్నాను: క్లెరిక్‌ది వైద్యుడి పాత్ర అనుకుని తీసుకుంటే విసుగొస్తుంది, వైద్యుడి పాత్ర అనుకుని వదిలేస్తే మంచి అవకాశం పోతుంది.

మొదటి ఆరు నెలలు నేను ఆ పొరపాటే చేశాను. ఎవరికి చిన్న దెబ్బ తగిలినా పరుగెత్తి వెళ్లి గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేసేవాణ్ని. పాత పుస్తకంలో ఆ మంత్రానికి ఒక ఎనిమిది ముఖాల పాచిక వేసి, దానికి మన పాత్ర విజ్‌డమ్ (వివేకం) అంకె కలుపుకోవాలి. అవతల రాక్షసుడు ఒక్క దెబ్బతో అంతకంటే ఎక్కువ తీసేసేవాడు. 1వ లెవల్‌లో రోజుకు ఉండేవి రెండే మంత్రాలు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు ఆ రెండూ ఖర్చయ్యేవి.

ఈ ఆటలో హిట్ పాయింట్లు (ప్రాణబలం) నలభై ఉన్నా ఒక్కటే ఉన్నా మనిషి ఒకే బలంతో కొడతాడు. సున్నాకు చేరితేనే పడిపోతాడు కాబట్టి, తేడా అంతా ఒకటికీ సున్నాకీ మధ్యే ఉంది. అందుకే మనిషి పడిపోయాక లేపడమే లాభం. అందుకు హీలింగ్ వర్డ్ మంత్రం ఉంది. అరవై అడుగుల దూరం నుంచి వేయవచ్చు. అది బోనస్ యాక్షన్ (వంతులో అసలు పనికి తోడుగా చేసే చిన్న పని) కాబట్టి, అదే వంతులో గదతో ఒక దెబ్బ కూడా కొట్టవచ్చు. ఒకసారి మా రోగ్ గోతికి అవతల పడిపోయాడు. పడిపోయినవాళ్లు ప్రతి వంతులో ఇరవై ముఖాల పాచిక వేయాలి. పదికి తక్కువ మూడుసార్లు వస్తే చావే. అతనికి అప్పటికి రెండుసార్లు వచ్చింది. గోతి దాటే దారి లేదు. బల్ల చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. నా వంతు రాగానే హీలింగ్ వర్డ్ వేశాను. వచ్చినవి ఏడు పాయింట్లే. అతను లేచి, బాణం తీసి, ఆ గోతి కాపలాదారును పడగొట్టాడు. ఆ సాయంత్రంతో నేను ఆడే తీరు మారిపోయింది.

నేను బాగా ఇష్టపడింది బ్లెస్ మంత్రం. ముగ్గురిని ఎంచుకుంటాం. ఒక నిమిషం వరకు వాళ్లు దాడికి వేసే ప్రతి పాచికకూ, ప్రమాదం తప్పించుకోవడానికి వేసే ప్రతి పాచికకూ నాలుగు ముఖాల పాచిక ఒకటి తోడవుతుంది. వినడానికి చిన్న సంగతే. పైగా అందరూ దాన్ని వేయడం మర్చిపోతారు. అందుకే పసుపు రంగువి మూడు కొని, మంత్రం వేయగానే ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టడం మొదలుపెట్టాను. మా బల్ల దగ్గర దానికి 'అక్షతలు' అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు ఫైటర్ ఆడే కర్నూలు అన్న యుద్ధం మొదలవగానే చేయి చాపి "అక్షతలు?" అంటాడు. ఒకసారి అతనికి పదిహేను కావాల్సి ఉండగా మొత్తం పదమూడే వచ్చింది. పసుపు పాచిక కాసేపు దొర్లి రెండు దగ్గర ఆగింది. ఆ దెబ్బ అన్నదే, కానీ అందులో నా భాగమూ ఉందని ఇద్దరికీ తెలుసు.

క్లాస్ ఎంచుకునేవాళ్లకు నేను వేసే ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది. ఐదుగురం ఆడుతుంటే యుద్ధంలో ఒక చుట్టు పూర్తవడానికి మాకు పావుగంట పడుతుంది. అందులో నా వంతు రెండు నిమిషాలు. మిగతా పదమూడు నిమిషాలు ఏం చేయాలని ఉంటుంది మీకు? తర్వాతి ఎత్తు గురించి ఆలోచించుకునేవాళ్లకు విజర్డ్ బాగుంటుంది. హాయిగా కబుర్లు చెప్పుకుని, వంతు రాగానే గట్టిగా కొట్టాలంటే ఫైటర్. ఇతరుల పాచికల మీద కళ్లు పెట్టుకుని కూర్చోవడం ఇష్టమైతే క్లెరిక్ తీసుకోండి. 1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఉన్న మూడు క్లాసుల్లో ఇదొకటి. దొంగ పాత్ర కూడా మరుసటి ఏడాదే వచ్చింది.

5వ లెవల్‌లో స్పిరిట్ గార్డియన్స్ మంత్రం వస్తుంది. మన చుట్టూ పదిహేను అడుగుల మేర దేవతాగణం తిరుగుతూ, దగ్గరికి వచ్చిన శత్రువులను కాలుస్తుంది, వాళ్ల నడకను సగానికి తగ్గిస్తుంది. ఇరుకు గుహలో డాలు పట్టుకుని నడిమధ్యన నిలబడితే చాలు. అంతవరకూ వెనక నిలబడిన భద్రయ్య ఆ రోజు నుంచి ముందు నడుస్తున్నాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. బ్లెస్, స్పిరిట్ గార్డియన్స్ రెండింటికీ కాన్సంట్రేషన్ (ఒక్క మంత్రం మీదే నిలిపే ఏకాగ్రత) కావాలి కాబట్టి ఒకటి పెడితే మరొకటి పోతుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ పాచిక వేసి దాన్ని నిలుపుకోవాలి. అందుకే కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) అంకె తక్కువ పెట్టుకోకండి. క్లెరిక్ మంత్రాల జాబితా అంతా మన చేతిలోనే ఉంటుంది, రోజూ పొద్దున అందులోంచి కొన్ని ఎంచుకోవాలి. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. నేను ప్రయాణం రోజుకొకటి, యుద్ధం రోజుకొకటి, ఊళ్లో ఉండే రోజుకొకటి చొప్పున మూడు జాబితాలు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను.

నన్ను ఇప్పటికీ బాధించేది ఒకటుంది. రివివిఫై మంత్రంతో చనిపోయిన మనిషిని నిమిషంలోపు బతికించవచ్చు, కానీ మూడు వందల బంగారు నాణేల విలువైన వజ్రం ఉండాలి. మేము ఆ బంగారంతో గుర్రాలు కొన్నాం. రెండు వారాల తర్వాత మా విజర్డ్ పోయాడు. మంత్రం ఉంది, వజ్రం లేదు. ఆ పాత్ర ఆడే నెల్లూరు మిత్రుడు ఏమీ అనలేదు, పాత్ర కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి నా కాగితం మీద మొదటి పంక్తి 'వజ్రం'.

కొత్త పుస్తకంలో క్యూర్ వూండ్స్‌కు, హీలింగ్ వర్డ్‌కు పాచికలు రెట్టింపయ్యాయి. దాంతో, పడిపోయేదాకా ఆగాలన్న నా నియమాన్ని కొంచెం సడలించాను. ఏ డొమైన్ (క్లెరిక్‌లో ఉపశాఖ) అన్నది 1వ లెవల్‌లో కాకుండా 3వ లెవల్‌లో ఎంచుకోవడం కొత్తవాళ్లకు నిజమైన మేలు. నేను ఏమీ తెలియకుండానే లైఫ్ డొమైన్ తీసుకున్నాను. గాలిలో తేలే ఆయుధంతో కొట్టే స్పిరిచువల్ వెపన్ మంత్రానికి కూడా కాన్సంట్రేషన్ పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. గార్డియన్స్‌తో పాటు దాన్నీ తిప్పడమే నాకు పెద్ద సరదాగా ఉండేది.

వచ్చే నెల కొత్త కథ మొదలవుతోంది. ఈసారి క్లెరిక్ తనకు కావాలని నెల్లూరు మిత్రుడు అడిగాడు. వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. "ఇద్దరు ఉండకూడదని ఎక్కడుంది?" అంది అక్క. అతను వార్ డొమైన్, నేను లైట్. పసుపు పాచికలు ఇంకో మూడు కొనాలి.