స్వీట్ హోమ్ క్యాసెట్ కోసం టోక్యో: అకిహబారాయా, నకానోయా?

టోక్యో అంటే అందరూ ఫుజి కొండ, డిస్నీలాండ్ అన్నారు, నేనేమో ఒక్క క్యాసెట్ కోసం వెళ్ళా. స్వీట్ హోమ్. 1989 డిసెంబర్లో క్యాప్‌కామ్ వాళ్ళు ఫామికామ్ (నింటెండో వాళ్ళ పాత టీవీ గేమ్ బాక్స్) మీద దించిన దెయ్యాల బంగళా ఆర్పీజీ, అంటే పాత్రల్ని నడిపిస్తూ కథలో ముందుకెళ్ళే గేమ్, జపాన్ దాటి అఫీషియల్‌గా ఎప్పుడూ రాలేదు. చనిపోయిన మామియా అనే పెయింటర్ బంగళాలో గోడల మీది బొమ్మలకోసం అయిదుగురు వెళ్ళి ఇరుక్కుపోతారు, అందులో ఒకరు పోతే పోయినట్టే, బతికించే మంత్రాలూ గింత్రాలూ లేవు. 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ గేమ్‌కి బీజం ఇదే, అందులో తలుపు మెల్లగా తెరుచుకునే సీన్ కూడా ఇక్కడిదే.

మొదటి రెండు రాత్రులు అకిహబారా (గేమ్, ఎలక్ట్రానిక్స్ షాపుల పేట) దగ్గర ఒక క్యాప్సూల్ హోటల్, అంటే పడుకోడానికి ఒక్క అర మాత్రమే ఇచ్చేది. చౌకే, బాత్రూములు కూడా తళతళా ఉన్నాయి, కానీ లాకర్లో బ్యాక్‌ప్యాక్ తప్ప ఏదీ పట్టదు, ట్రాలీ బ్యాగుని రిసెప్షన్ పక్కన గొలుసేసి వదిలేయాలి, పొద్దున పదింటికల్లా అందర్నీ బయటికి పంపేస్తారు. గేమ్‌లో ఒక్కొక్కరు ఆయుధం, సొంత పరికరం కాక ఇంకో రెండే వస్తువులు మోయగలరు, ఆ బాధ అక్కడ తెలిసొచ్చింది.

మూడో రోజు టోక్యోలోనే నిషి-కసాయ్ అనే పేటకి మారా, ముందే అక్కడ దిగాల్సింది. మనవాళ్ళు బోలెడంతమంది, దోశ దొరుకుతుంది (వెజ్ అయితే జాగ్రత్త, మిసో సూప్‌లో కూడా చేపల రసం ఉంటుంది). తొజాయ్ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా నకానోలో దిగొచ్చు, అకిహబారాకైతే కయాబాచోలో హిబియా లైన్‌కి మారాలి.

అకిహబారా చూడ్డానికి బాగుంటుంది, కొనడానికి కాదు. టూరిస్టుల గుంపు, మంచి బాక్స్ పీసులన్నీ అద్దాల వెనక. నకానో బ్రాడ్‌వే వేరు, పైకి మామూలు పాత కాంప్లెక్స్, లోపల అంతస్తంతా ఇరుకు కొట్లు. అక్కడే ఒక చిన్న షాపులో బాక్స్ లేని ఉత్తి క్యాసెట్ దొరికింది. పెద్దాయన టీవీకి పెట్టి టైటిల్ స్క్రీన్ చూపించి, రెండు చేతులతో కవర్ అందించాడు. సర్వీస్‌కి పదికి పది అనుకున్నా.

ఇంటికొచ్చి మా పాత టీవీ గేమ్‌లో పెట్టా, మన చిన్నప్పటి బాక్సులూ ఫామికామ్‌లా 60 పిన్నుల క్యాసెట్లవే కదా, టక్కున కూర్చుంది. ఫోన్ ట్రాన్స్‌లేటర్‌తో అక్షరం అక్షరం చదువుకుంటూ నాలుగు గంటలు ఆడి సేవ్ చేసి పడుకున్నా. పొద్దున చూస్తే సేవ్ లేదు! విప్పితే లోపల కాయిన్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, రేకులతో బోర్డుకి అతికించి మరీ. ఆన్ చేసి చూస్తే చాలదు, సేవ్ చేసి ఆపి మళ్ళీ ఆన్ చేయించాలని అప్పుడు తట్టింది. రిపేర్ షాపు కుర్రాడు పది నిమిషాల్లో టంకం వేసిచ్చాడు.

మళ్ళీ మొదట్నుంచి. ఈసారి ఆ అయిదుగురిలో వాక్యూమ్ క్లీనర్ పట్టుకునే అసుకాని త్వరగానే చంపుకున్నా, అందుకే ఇప్పుడు గేమ్‌లో గాజుపెంకులన్నీ చీపురుతో ఊడుస్తున్నా.