రెండు ప్రోటాన్ మాగ్నెటోమీటర్లతో నాలుగేళ్లు

అగ్నిపర్వతం అడుగున శిలాద్రవం పైకి తోసుకొస్తుంటే చుట్టూ ఉన్న రాళ్లు నలిగి, వేడెక్కి వాటి అయస్కాంత గుణం మారుతుంది. 2002లో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నమోదైన మార్పులు కొద్ది నానోటెస్లాలే (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం). మా బొబ్బిలి దగ్గర భూమి అయస్కాంత క్షేత్రమే 44 వేల నానోటెస్లాల దాకా ఉంటుంది. పైగా వాతావరణం పైపొర అయనోస్ఫియర్‌లో పారే కరెంటు వల్ల పగటిపూట అది పదుల నానోటెస్లాలు ఊగుతుంది. అందులోంచి ఐదారింటిని ఏరడం ఎలాగో నేర్చుకుందామని మా మామిడితోటలో ఒక ప్రోటాన్ మాగ్నెటోమీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం), నాలుగు కిలోమీటర్ల అవతల బావమరిది జీడితోటలో ఇంకొకటి పెట్టాను. ఇక్కడ అగ్నిపర్వతం లేకపోయినా రొదకు, అంటే కొలతకు అడ్డుపడే మార్పులకు, కొదవ లేదు.

సెన్సరంటే కిరసనాయిలు నింపిన సీసా, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. తీగకు కరెంటు ఇచ్చి ఆపగానే ప్రోటాన్లు సెకనుకు దాదాపు 1870 సార్లు తిరుగుతాయి, ఆ లెక్కే రీడింగు. మే ఎండల్లో కూడా రీడింగు పక్కకు జరగదు. ఇంతకుముందు వాడిన ఫ్లక్స్‌గేట్ అనే ఇంకో రకం మాగ్నెటోమీటరు రీడింగు వేడికి జరిగిపోయేది.

రెండింటి తేడా తీస్తే, రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉండే ఆకాశం నుంచి వచ్చే ఊపు చాలావరకు పోతుంది. రాత్రి రీడింగులే తీసుకుంటే ఇంకా శుభ్రం. గడియారాలు మాత్రం సెకన్లతో సహా కలవాలి.

రెండో ఏడు తేడాలో ఒక్కసారిగా ఐదు నానోటెస్లాల మెట్టు లేచి, తొమ్మిది రోజులు అలాగే నిలిచింది. అచ్చం శిలాద్రవం కదిలినప్పుడు వచ్చే ఆకారమే! రాత్రి నిద్ర పట్టలేదు. తీరా వెళ్లి చూస్తే టైరు పంక్చరైన ట్రాక్టరు తొట్టిని సెన్సరుకు కొద్ది దూరంలో, చెట్టు నీడన వదిలేశారు. దాన్ని రెట్టింపు దూరం జరిపితే మెట్టు ఎనిమిదో వంతుకు పడిపోయింది. అప్పటినుంచి తోట కాపలా తాతకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. బోరు మోటారు ఎప్పుడు వేశారు, పార, గునపం ఎక్కడ పెట్టారు, అన్నీ రాస్తాడు. నాకు ఏ సాఫ్ట్‌వేరుకన్నా ఆ బుక్కే ఎక్కువ పనికొచ్చింది.

రొదను దానంతటదే తీసేస్తుందని చెప్పి అమ్మిన అడాప్టివ్ ఫిల్టరు అనే సాఫ్ట్‌వేరుకు నా మార్కులు తక్కువే. పరీక్షకని డేటాలో నేనే 3 నానోటెస్లాల మెట్టు కలిపి ఇస్తే, రొదతోపాటు దాన్నీ మింగేసింది. కొనేవాళ్లు ముందు ఈ పరీక్ష చేసి చూడండి.

బొంబాయిలో ట్రాములకు కరెంటు వస్తోందనే కొలాబా అయస్కాంత వేధశాలను 1904లో అలీబాగ్‌కు మార్చారు. స్థలం ఎంపికకు అంత విలువుంది. మీ దగ్గర ఉన్న డబ్బుతో ఖరీదైన పరికరం ఒకటి కొనేకన్నా, మామూలువి రెండు కొని, రెండోదానికి రోడ్డుకూ కరెంటు స్తంభాలకూ దూరంగా చోటు వెతకండి.